వలపలగిలక దగ్గర ఆగిపోయిన పుస్తకాలు

సభకు నమస్కారం. అధ్యక్షులవారు పది నిమిషాలే ఇచ్చారు కనక పేరుపేరునా వందనాలు చెప్పలేను, పెద్దలు మన్నించాలి. పాత తెలుగు పుస్తకాలు నెట్‌లో ఎక్కడ దొరుకుతాయో, వాటిని ఎలా దిద్దాలో చెబుతాను.

ఈరోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. ఆయన 1940లో పోయారు. మన కాపీరైటు చట్టంలో రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు లెక్క. ఆ లెక్కన ఆయన ఉండగా అచ్చయినవన్నీ 2001 నుంచే మనందరి సొత్తు. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలు 2022లో విడుదలయ్యాయి. విశ్వనాథకు 2037 దాకా, చలానికి 2040 దాకా ఆగాలి. వాట్సాప్‌లో వచ్చినంతమాత్రాన హక్కు తీరిపోయినట్టు కాదండీ. పాత పుస్తకానికి ఈమధ్య ఎవరైనా రాసిన పీఠిక, అనువాదం ఉంటే వాటి లెక్క వేరు.

సరే, దొరికేదెక్కడ? గుటెన్‌బర్గ్ అనే ఉచిత పుస్తకాల సైటులో ఇంగ్లీషు సముద్రమంత ఉంది, తెలుగు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మనకు దిక్కు రెండే: స్కాన్ చేసిన పుస్తకాలు దాచే ఆర్కైవ్ డాట్ ఆర్గ్, వాటి పాఠాన్ని మనలాంటివాళ్లే దిద్దే తెలుగు వికీసోర్స్.

ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావాళ్లు స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు కుప్పలు. కానీ చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. వీరేశలింగంగారి పేరు ఒకచోట రెండు 'ఈ'లతో, ఇంకోచోట ఒక్క 'ఐ'తో. కన్యాశుల్కం పేరులో 'హెచ్' ఉంటుంది, ఉండదు, చివర 'ము' తగులుతుంది. ఒక్క స్పెల్లింగుతో వెతికి "లేదు" అని వచ్చేస్తే ఎలా? పుస్తకం పేరులో స్పెల్లింగు మారని మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి, పక్కన నక్షత్రం గుర్తు * పెట్టి, భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. దించేముందు ముఖపత్రం, ఆఖరి పుట, మధ్యలో ఓ పదీ పన్నెండు పుటలు తిప్పి చూడండి. పుటలు ఎగిరిపోయి ఉంటాయి, రెండో సంపుటమే ఉంటుంది.

కూర్పు కూడా చూడాలి. కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది. గురజాడ బాగా తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మనకు నోటికొచ్చిన నాటకం రెండోది. మొదటిది దించుకుని, ఇదేమిటిలా ఉందని తికమకపడితే తప్పు గురజాడది కాదు.

ఇంకొక మాట. ఆర్కైవ్‌లో పీడీఎఫ్ పక్కనే ఈపబ్, అంటే బొమ్మ కాకుండా పాఠంగా ఉండే ఈ-పుస్తకం కూడా కనిపిస్తుంది. తెలుగు పుస్తకానికి దాన్ని నమ్మి దించకండి. అది యంత్రం చదివిన పాఠం, మనిషి కన్ను పడలేదు. పాతవాటిలో తెలుగు చదవడం రాని యంత్రం ఏరిన పిచ్చిగీతలే ఉంటాయి. పీడీఎఫే దించి, ఫోను అడ్డంగా పట్టుకుని చదవండి.

యంత్రం ఎక్కడ తడబడుతుందో చెబుతాను. అసలు నేనొచ్చింది ఇందుకే. పాత అచ్చులో ధర్మం అన్నప్పుడు 'ర' పొల్లు 'మ' నెత్తిన గానీ కింద గానీ ఉండదు, కుడిపక్కన గిలకలా ఉంటుంది. అదే వలపలగిలక. చూపుకు తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది. యంత్రం దాన్ని 'ధమ౯ము' అని చదివేస్తుంది. ఇక మీరు ధర్మం అని వెతికితే ఆ పుట ఎందుకు దొరుకుతుంది? థ, ధ మధ్య తేడా కడుపులో చుక్కే, మాసిన కాగితంలో అదీ పోతుంది. ప, వ సంగతి సరేసరి. పుస్తకం అక్కడే ఉంది, అచ్చంగా ఉంది, అయినా లేనట్టే!

దీన్ని దిద్దేచోటు వికీసోర్స్. అందులో ఏ పుస్తకానికైనా సూచిక పేజీ తెరిస్తే పుటల అంకెలు రంగుల్లో ఉంటాయి. ఎరుపు అంటే ఇంకా ఎవరూ దిద్దలేదు, పసుపు ఒకరు దిద్దినది, పచ్చ రెండో మనిషి సరిచూసినది. పసుపూ పచ్చా నిండిన పుస్తకాన్నే ఈపబ్‌గా దించుకోండి. అక్షరం పెద్దది చేసుకోవచ్చు, మాటను వెతకొచ్చు, ఫోనులో చోటు కూడా పెద్దగా తినదు.

వెనక వరసలో కూర్చున్న బాబులూ, అమ్మాయిలూ, ఫోన్లు ఎలాగూ చేతుల్లోనే ఉన్నాయిగా. ఒక ఎర్ర పుట తెరవండి. ఒకపక్క స్కాను, ఇంకోపక్క పాఠం కనిపిస్తాయి. మాట మధ్యలో తొమ్మిది అంకె కనిపించిన ప్రతిచోటా దాన్ని తీసేసి, ముందున్న హల్లుకంటే ముందు 'ర', పొల్లు కొట్టండి. అరసున్నలూ బండి ఱలూ తప్పులని తీసేయకండి, అవి రచయితవి. పుట అయ్యాక పసుపు నొక్కి భద్రపరచండి. పచ్చ నొక్కడం మాత్రం మీ పక్కనున్నవాళ్ల పని.