చేపలున్న ట్యాంకుకు ఈ సీఓటూ రెగ్యులేటర్ పెట్టొచ్చా?

నమస్తే అండి. అక్వేరియంలో మొక్కల కోసం సిలిండర్‌లోని సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్‌ను ప్రెషర్ తగ్గించి కొద్దికొద్దిగా వదిలేదే రెగ్యులేటర్. ముందే చెప్పేస్తున్నా, ఈ రెగ్యులేటర్ రివ్యూ కోసం ఉచితంగా వచ్చింది. సింగిల్ స్టేజ్ (ప్రెషర్‌ను ఒకే మెట్టులో తగ్గించేది), ప్రెషర్ చూపే రెండు గేజ్‌లు, 12 వోల్టుల సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్), గ్యాస్‌ను సన్నగా సర్దే నీడిల్ వాల్వ్, బుడగలు లెక్కపెట్టే బబుల్ కౌంటర్. నేను చూసేది ఒక్కటే: ఇది పాడైతే ఎటువైపు పాడవుతుంది? గ్యాస్ ఆగిపోతే మొక్కలు డీలాపడతాయి, ఆల్గే వస్తుంది, సర్దుకోవచ్చు. ఎక్కువైతే తెల్లారేసరికి చేపలుండవు.

ముందు సిలిండర్ ప్రెషర్ చూపే పెద్ద గేజ్ సంగతి. అది బండిలో పెట్రోల్ ముల్లు లాంటిది కాదండి. సిలిండర్‌లో ఉన్నది ద్రవం. అది కొంచెం మిగిలి ఉన్నా సరే, 20 డిగ్రీల దగ్గర ముల్లు 57 బార్ (ప్రెషర్ కొలత) దరిదాపుల్లోనే నిలబడుతుంది. ద్రవం అయిపోయాకే కిందికి జారుతుంది. పైగా 31 డిగ్రీలు దాటితే సీఓటూ ద్రవంగా ఉండదు. కాబట్టి మే నెలలో విజయవాడలో, రామగుండంలో ఏసీ లేని గదిలో ఆ ముల్లు చెప్పే మాటకు విలువ లేదు. సిలిండర్‌ని తూకం వేయండి, ఖాళీ బరువు తీసేయండి, మిగిలిందే గ్యాస్.

ఆ ముల్లు జారడం మొదలయ్యాకే సింగిల్ స్టేజ్‌తో అసలు గొడవ. లోపల స్ప్రింగ్ వాల్వును తెరవాలని నెడుతుంటే, సిలిండర్ ప్రెషర్ మూయాలని నెడుతుంటుంది. సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ మూసే బలం తగ్గుతుంది, బయటికొచ్చే ప్రెషర్ పెరుగుతుంది. మీరు 2 బార్‌కు పెట్టింది మీరు ముట్టుకోకుండానే పైకి పోతుంది. ఎండ్ ఆఫ్ ట్యాంక్ డంప్ (ఇక్కడ ట్యాంక్ అంటే సిలిండర్) అనేది ఇదే. డ్యూయల్ స్టేజ్‌లో ప్రెషర్ రెండు మెట్లుగా తగ్గుతుంది కాబట్టి ఈ తేడా చేపల ట్యాంకు దాకా రాదు.

అలాగని సింగిల్ స్టేజ్ ప్రతిదీ చేపల్ని చంపదు. నీడిల్ వాల్వ్ గట్టిదైతే సెకనుకు 2 బుడగలు వచ్చేది 3 అవుతుంది, అంతే. ఇందులో నాకు ఒళ్లు మండించింది ఆ నీడిల్ వాల్వే. వెంట్రుకవాసి తిప్పితే సెకనుకు ఒక బుడగ కాస్తా లెక్కపెట్టలేనంత ధార అవుతోంది. వెనక్కి తిప్పితే పూర్తిగా ఆగిపోతోంది. పొద్దున సెట్ చేసింది సాయంత్రానికి మారుతోంది. సిట్రిక్ యాసిడ్, వంటసోడా కలిపి గ్యాస్ చేసే కిట్ల నుంచి దీనికి మారేవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోండి. ఆ కిట్‌లో చెరో 200 గ్రాములు వేస్తే సుమారు వంద గ్రాముల గ్యాసే వస్తుంది. ఇక్కడ రెండు కిలోల గ్యాస్‌కీ మీ చేపలకీ మధ్య అడ్డం ఉన్నది ఈ వాల్వే.

సోలినాయిడ్ బాగుంది. కరెంటు పోతే మూసుకుపోయే రకం, అదే కావాలి. కాయిల్ వెచ్చబడితే కంగారు పడకండి, అది మామూలే. స్విచ్ ఆఫ్ చేశాక టక్‌మని శబ్దం వచ్చినా బుడగలు చాలాసేపు ఆగట్లేదంటే సీట్‌లో (వాల్వ్ మూసుకునే చోట) నలుసో తుప్పో ఉంది. ఆ తుప్పు తెచ్చేది ట్యూబులోంచి వెనక్కొచ్చే నీళ్లు. నీళ్లు వెనక్కి రాకుండా ఆపడానికి డబ్బాలో ఇచ్చిన ప్లాస్టిక్ చెక్ వాల్వు పక్కన పడేసి, స్టీలుదో ఇత్తడిదో స్ప్రింగ్ ఉన్నది వేయండి. వ్యతిరేక దిశలో నోటితో ఊదితే గాలి పోకూడదు. ట్యూబ్ పాలీయురేథేన్‌దే వాడండి, సిలికాన్ గోడల్లోంచి గ్యాస్ పోతుంది. జాయింట్లకు సబ్బునీళ్లు రాసి చూడండి.

కరెంటు కోతలు ఉన్నచోట ఇంకో చిక్కుంది. ముళ్లు తిరిగే టైమర్ కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. రెండు గంటల కోత పడితే గ్యాస్ ఆగడం కూడా రెండు గంటలు ఆలస్యమే. లైటు వేరే డిజిటల్ టైమర్ మీద ఉంటే అది ఎప్పటిలాగే ఆరిపోతుంది, చీకట్లో గ్యాస్ నడుస్తుంటుంది. రెండూ ఒకే టైమర్ మీద పెట్టండి. సోలినాయిడ్ ఇన్వర్టర్ మీద, ఫిల్టర్ మెయిన్స్ మీద మాత్రం అస్సలు పెట్టకండి. నీళ్లు కదలకుండా గ్యాస్ వెళ్తుంది.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ప్లగ్ పీకి ఊరుకోకండి, సోలినాయిడ్ ఇరుక్కుని ఉండొచ్చు. ముందు సిలిండర్ మెయిన్ వాల్వ్ మూయండి. ఎయిర్ పంప్ వేయండి, ఫిల్టర్ అవుట్‌లెట్ పైకెత్తి నీటి పైభాగం బాగా కదిలేలా చేయండి. క్లోరిన్ తీసిన, అదే వేడి ఉన్న నీళ్లతో సగం మార్చండి. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా సీఓటూ ఎక్కువైతే చేప రక్తంలోని సీఓటూ బయటికి పోలేకపోతుంది, అందుకే గాలి బుడగలతో దాన్ని తరిమేయాలి. డ్రాప్ చెకర్ (నీళ్లలో సీఓటూ ఎంతుందో రంగుతో చూపేది) ఆకుపచ్చగానే, అంటే సరిగ్గానే ఉంది కదా అని ఆగకండి. అది ఒకటి రెండు గంటలు వెనకబడి చెబుతుంది, చేప ఇప్పటిది చెబుతుంది. కారణం దొరికేదాకా గ్యాస్ మళ్లీ తెరవద్దు.

నా మాట అడిగితే, డబ్బాలో వచ్చింది వచ్చినట్టు చేపలున్న ట్యాంకుకు దీన్ని పెట్టకండి. బాడీ, గేజ్‌లు, సోలినాయిడ్ పనికొస్తాయి కాబట్టి మంచి నీడిల్ వాల్వ్ విడిగా కొని బిగించుకోండి, పెద్ద ముల్లు జారడం మొదలైన రోజే (ఎండాకాలంలో అయితే తూకం చూసుకుని) రీఫిల్‌కు ఇచ్చేయండి. ఆ వాల్వ్ ఖర్చు కలిపి చూసుకుంటే డ్యూయల్ స్టేజ్‌కు ఇంకొంచెమే తక్కువైతే, నేరుగా డ్యూయల్ స్టేజే తీసుకోండి.