అన్నానికి తోడు పెట్టే చేతులు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం అస్సాంలోని మిసింగ్ తెగవాళ్లు అన్నంతో చేసే అపాంగ్ అనే పానీయం గురించి మాట్లాడతానని చెప్పగానే, మన మిత్రులొకరు ఫోన్ చేసి "అంటే మందు గురించా అండీ?" అని అడిగారు. ఆయన తప్పుగా అడగలేదు. మన దగ్గర ఆ ఒక్క మాట కిందకే అన్నీ వచ్చేస్తున్నాయి. కానీ మన భాష అలా కలిపేయదు. కల్లు గీస్తాం, సారా కాస్తాం. అపాంగ్‌ని గీయరు, కాచరు కూడా. అన్నం వండి, చల్లార్చి, తోడు పెడతారు. అవును, మనం పాలకు తోడు పెట్టినట్టే. ఆ తోడు ఎవరి చేతిలో ఉందన్నదే నేను ఈరోజు చెప్పదలచుకున్న విషయం.

ఉద్యోగరీత్యా నాలుగేళ్లు అస్సాంలోని జోర్హాట్‌లో ఉన్నాను. నిమాతి ఘాట్ దగ్గర పడవెక్కితే బ్రహ్మపుత్ర మధ్యలో మాజులి దీవి వస్తుంది. 2016లో దాన్ని జిల్లా చేశారు. నదిలో ఉన్న దీవి జిల్లా కావడం మన దేశంలో అదే మొదలు. అక్కడ, అవతల ధేమాజీ, లఖీంపూర్ వైపు నది ఒడ్డునే ఉండేవాళ్లు మిసింగ్‌లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అస్సాంలో 6 లక్షల 80 వేల మంది. పాత కాగితాల్లో వాళ్లను మిరి అని రాశారు. ఎప్పుడో అరుణాచల్ కొండల నుంచి దిగి వచ్చి నది పక్కన స్థిరపడ్డారు. ఇళ్లు వెదురు స్తంభాల మీద, నేలకు ఎత్తుగా ఉంటాయి. చాంగ్ ఘర్ అంటారు. వరదొస్తే నీళ్లు ఇంటి కింద నుంచి పోతాయి.

మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి వాళ్లది మాజులి. వాళ్లింట్లోనే మొదటిసారి పొరొ అపాంగ్ పెట్టడం చూశాను. అపాంగ్‌లో రెండు రకాలున్నాయి. తెల్లగా ఉండేది నొగిన్. అది కొద్ది రోజుల్లోనే తయారవుతుంది. నల్లగా, కాఫీ రంగులో ఉండేది పొరొ. దీనికే ఓపిక కావాలి.

ఆ రోజు వాళ్లమ్మగారు వాకిట్లో ఊక, వరిగడ్డి కుప్ప పోసి నిప్పు పెట్టారు. నేను దూరంగా నిలబడి చూస్తున్నాను. మంట లేచినప్పుడల్లా ఆవిడ కర్రతో అణుస్తున్నారు. ఎందుకంటే అది తెల్ల బూడిద కాకూడదు. నల్లగా మాడి ఆగిపోవాలి. కాస్త ఆలస్యమైతే పాడైపోయినట్టే. ఆ నలుపును, వండి చాప మీద ఆరబోసిన అన్నాన్ని రెండు చేతులతో కలిపారు. మోచేతుల దాకా నలుపే. తర్వాత బిళ్లల్లాంటివి కొన్ని తెచ్చి పొడి చేసి చల్లారు. చల్లేముందు అన్నం మీద అరచేయి ఆనించి కాసేపు ఉంచారు. ఎందుకని అడిగితే, వేడి చూస్తున్నానన్నారు. వేడి ఎక్కువైతే తోడు చచ్చిపోతుంది. థర్మామీటర్ లేదు, గడియారం లేదు. గోరువెచ్చని పాలలో వేలు పెట్టి చూసే మా అమ్మమ్మ గుర్తొచ్చింది నాకు.

ఆ బిళ్లల పేరు ఆపొప్ పిఠా. బియ్యం నానబెట్టి, రకరకాల ఆకులు, వేళ్లు, బెరళ్లు కలిపి దంచి, బిళ్లలు చేసి ఆరబెడతారు. పనసాకు, అనాస ఆకు, చెరకు ఆకు లాంటివి మనకు తెలిసినవే. మనకు పేరు తెలియని మొక్కలు ఇంకెన్నో. ఒక్కో ఇంటిది ఒక్కో పాళం. అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి చేతుల మీదుగా వెళ్లే లెక్క అది.

ఇక్కడ ఒక్క నిమిషం సైన్స్ చెబుతాను, ఓపిక పట్టండి. తాటి కల్లు తనంతట తానే పులుస్తుంది. ఎందుకంటే చెట్టు నీరాలోనే చక్కెర ఉంటుంది. అన్నంలో చక్కెర లేదు, పిండి పదార్థం ఉంది. ఈస్ట్ ఆ పిండిని నేరుగా తినలేదు. ముందు ఎవరో దాన్ని చక్కెరగా విడగొట్టాలి. బార్లీ బీరులో ఆ పని మొలకెత్తించిన గింజ చేస్తుంది. అపాంగ్‌లో ఆ పని చేసేది బూజు. ఆపొప్ బిళ్లలో బూజూ, ఈస్టూ, పెరుగులో ఉండే లాంటి బాక్టీరియా కలిసి కాపురం ఉంటాయి. ఒకటి విడగొడితే ఇంకొకటి పులియబెడుతుంది. మైక్రోస్కోప్ పుట్టకముందే ఈ మూడింటినీ ఒక బిళ్లలో ఎండబెట్టి దాచుకున్నారు ఈ ఆడవాళ్లు. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కలిపినదాన్ని ఆకులు పరిచిన కుండలో కూరి, మూతి కట్టేస్తారు. రెండు మూడు వారాలు. తర్వాత గరాటు ఆకారంలో ఉండే వెదురు బుట్టలో ఆకులు పరిచి, అందులో ఊరిన అన్నం వేసి, పైనుంచి నీళ్లు పోస్తూ ఉంటారు. కింద బొట్టు బొట్టుగా దిగుతుంది. మొదటి బొట్లు చిక్కగా, ముదురు రంగులో, కాస్త పొగ వాసనతో ఉంటాయి. ఆ చప్పుడు వింటూ ఇంట్లో అందరూ మాట్లాడుకుంటూ కూర్చుంటారు. ఎవరికీ తొందర లేదు.

ఇక తాగడం దగ్గరికొద్దాం. మొదటి వాటా మనుషులది కాదు. డోన్యి పోలో, అంటే సూర్యచంద్రులకు, పోయిన పెద్దలకు అర్పించాకే ఎవరైనా తాగేది. తెలంగాణలో బోనాలప్పుడు కల్లు సాక పోయడం చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. ఫాగున్ నెల మొదటి బుధవారం, అంటే ఫిబ్రవరి మధ్యలో, ఆలి ఆయే లిగాంగ్ వస్తుంది. అది విత్తనాల పండుగ. ఇంటి పెద్ద పొలానికెళ్లి నాలుగు గింజలు చల్లి, అపాంగ్, ఆకుల్లో చుట్టి ఉడికించిన అన్నం పెడతాడు. తర్వాత గుమ్రాగ్ నాట్యం, డప్పులు, ఇల్లిల్లూ తిరగడం. ఆ తర్వాత కొన్ని రోజులు నాగలి పట్టరు, చెట్టు కొట్టరు. పంట ఇంటికొచ్చాక చేసేది పొరాగ్. దానికి ఖర్చు ఎక్కువ, అందుకని ఏటా చేయరు. ఆ పండుగకు పెళ్లయి వేరే ఊళ్లకు వెళ్లిన ఆడపడుచులను పిలుస్తారు. అన్ని కుండల అపాంగ్ అంటే ఒక్క ఇంటి పని కాదు, ఊరంతా కలిసి పెట్టాల్సిందే.

పెళ్లి మాటలకు వెళ్లేటప్పుడు తీసుకెళ్లేదీ, చావు దినానికి వచ్చినవాళ్లకు ఇచ్చేదీ ఇదే. పొలంలో సాయానికి వచ్చిన పొరుగువాళ్లకు కూలి డబ్బులివ్వరు. అన్నం, మాంసం, అపాంగ్ పెడతారు. రేపు వాళ్ల పొలానికి వీళ్లు వెళతారు. మాజులి అంటే వైష్ణవ సత్రాల, అంటే మఠాల, దీవి కూడా. మిసింగ్‌లలో చాలామంది ఆ భక్తి మార్గాన్నీ పట్టుకున్నారు, అపాంగ్ కుండనూ వదల్లేదు. ఇందులో వాళ్లకు ఏ ఇబ్బందీ కనిపించలేదు.

ఒకసారి ఆ అమ్మాయి వాళ్లమ్మగారు నన్నడిగారు, మీ ఊళ్లో ఆడవాళ్లు ఏం పెడతారని. నేను దూబగుంట కథ చెప్పాను. 1992లో నెల్లూరు జిల్లాలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్లు మూయించారని, వర్ధినేని రోశమ్మ ముందు నడిచారని, మరుసటేడు అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించిందని. ఆవిడ శ్రద్ధగా విన్నారు. విని, "ఆ సారా ఎవరు చేసేవాళ్లు?" అన్నారు. కాంట్రాక్టర్లు ప్యాకెట్లలో పంపేవాళ్లన్నాను. "అయితే మంచి పని చేశారు" అన్నారు, బుట్టలో ఇంకో చెంబు నీళ్లు పోస్తూ.

ఆ మాట విన్నాకే నాకు విషయం అర్థమైంది. దూబగుంట ఆడవాళ్లకూ, ఈవిడకూ మధ్య గొడవే లేదు. ఒకచోట కూలి డబ్బంతా బయటికి పోయింది. ఇంకొకచోట ఎంత పెట్టాలి, ఎప్పుడు వడకట్టాలి, ఎవరికి ఎంత పోయాలి అన్నదంతా ఇంటి ఇల్లాలి చేతిలో ఉంది. అపాంగ్ తాగి ఎవరూ చెడిపోరని నేననను. ఎక్కువైతే ఎక్కడైనా నష్టమే. బజారులో డబ్బాకు ఇంత అని అమ్మడం మొదలయ్యాక అక్కడ కూడా ఆ హద్దు చెరుగుతోంది. అది చూసి నాకు దిగులేసింది.

దిగులు అదొక్కటే కాదు. 1950 ఆగస్టు 15న అస్సాంలో వచ్చిన పెద్ద భూకంపం బ్రహ్మపుత్ర అడుగును పైకి లేపేసింది. అప్పటి నుంచి ఒడ్డు కోసుకుపోతూనే ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉన్న మాజులిలో సగానికి పైగా ఇప్పుడు నదిలో ఉంది. ఊరు కట్ట మీదికి మారితే, ఇంటి వెనక పెరిగే ఆకులు ఎక్కడి నుంచి వస్తాయి? కొందరు సంతలో బిళ్లలు కొంటున్నారు. వాటిలో ఏ ఆకులు కలిపారో కొన్నవాళ్లకు తెలియదు.

అస్సాంలోని మరో తెగ దిమాసాలు. వాళ్లు బియ్యంతో చేసే జుడిమాకు 2021లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల పేరును కాపాడుకోవచ్చు, నాకు సంతోషమే. కానీ ఆకుల పాళం కాగితం మీద లేదు. అందుకే ఆ అమ్మాయికి ఒక పని చెప్పాను. వాళ్లమ్మతో కలిసి తిరిగి, ఒక్కో ఆకూ ఏ నెలలో కోస్తారో, ఎంత వేస్తారో మిసింగ్‌లోనే రాయమన్నాను. పోయిన నెల ఫోన్ చేసింది. పదకొండు ఆకుల దాకా వచ్చిందట. పన్నెండోది ఉన్న గట్టు రెండేళ్ల కిందట నదిలో పడిపోయిందట. పుట్టింటి ఊళ్లో ఉందేమో వెతకడానికి వాళ్లమ్మ పడవెక్కి వెళ్లిందట.