చిప్పుల ఫ్యాక్టరీకి ఒక యాసిడ్ అందకపోతే

నమస్కారం. చిప్పుల గొడవ అనగానే అందరికీ అమెరికా, చైనాలే గుర్తొస్తాయి. 2022 అక్టోబరులో అమెరికా అధునాతన చిప్పులు, వాటిని తయారుచేసే యంత్రాలు చైనాకి వెళ్లకుండా కట్టడి చేయడం, మరుసటి ఏడాది చైనా చిప్పుల తయారీలో వాడే గాలియం, జర్మేనియం అనే మూలకాల ఎగుమతులకి లైసెన్సు పెట్టడం, ఇవన్నీ వార్తల్లో విన్నవే. నేను అంతకుముందు జరిగిన ఒక తగాదా చెప్తాను. అది జపాన్‌కి, దక్షిణ కొరియాకి మధ్య. ఇద్దరూ అమెరికాకి మిత్రులే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొరియన్ల చేత బలవంతంగా చాకిరీ చేయించుకున్నందుకు ఒక జపాన్ ఉక్కు కంపెనీ పరిహారం కట్టాలని 2018 అక్టోబరులో కొరియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ లెక్క రెండు దేశాలూ 1965లో చేసుకున్న ఒప్పందంతోనే తేలిపోయిందని జపాన్ అంది. మాటా మాటా పెరిగింది. 2019 జులై 4 నుంచి చిప్పులకి, డిస్‌ప్లేలకి కావలసిన మూడు సరుకుల మీద జపాన్ కొత్త నిబంధన పెట్టింది. అమ్మకం ఆపలేదు, గమనించండి, ఆపలేదు. ప్రతి కన్‌సైన్‌మెంటుకీ విడిగా అనుమతి తీసుకోవాలంది, దానికి మూడు నెలల దాకా పట్టొచ్చు. కారణం దేశభద్రత అని జపాన్ చెప్పింది కానీ, కోర్టు తీర్పు మీద కోపమేనని కొరియాలో అనుకున్నారు.

ఆ మూడింట్లో ఒకటి హైడ్రోజన్ ఫ్లోరైడ్, నీటిలో కలిస్తే యాసిడ్ అయ్యే పదార్థం. చిప్పులు తయారయ్యే సిలికాన్ పలక మీద అక్కర్లేని పొరని కరిగించడానికి, కడగడానికి వాడతారు. అందులో ఏ కాస్త మలినం ఉన్నా చిప్పులన్నీ దండగే, అందుకే శాతంలో 99 తర్వాత పాయింటు పెట్టి పది తొమ్మిదులు రాసేంత స్వచ్ఛత కావాలంటారు. పైగా అది పాత్రల్నే తినేసే పదార్థం, బియ్యం బస్తాల్లా ఏడాదికి సరిపడా నిల్వ పెట్టుకోలేరు. ప్రపంచంలో సగానికి పైగా మెమరీ చిప్పులు చేసే కొరియా, ఒక యాసిడ్ కోసం టెన్షన్ పడింది. అప్పటి శాంసంగ్ వైస్ చైర్మన్ లీ జే-యోంగ్ మూడు రోజుల్లోనే టోక్యో విమానం ఎక్కారు.

ఫ్యాక్టరీలు ఆగలేదు. ఆర్నెల్లు తిరిగేసరికి సోల్‌బ్రెయిన్ అనే కొరియా కంపెనీ అంత స్వచ్ఛమైన యాసిడ్‌ని సొంతంగా తయారుచేస్తోందని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. 2023 మార్చిలో జపాన్ ఆ నిబంధన ఎత్తేసింది, ఈలోపు కొరియాకి జపాన్ సరుకు రావడం బాగా తగ్గిపోయింది. నన్నడిగితే ఎక్కువ నష్టపోయింది అమ్మినవాళ్లే.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ చేసేవాళ్లకి కొదవ లేదు. మందుల కంపెనీల్లో స్వచ్ఛత అంటే ఏమిటో రోజూ చేతులతో చూసే కెమిస్టులూ బోలెడంతమంది. ఈ రెండో వాళ్లకి చిప్పుల గురించి ఎవరూ చెప్పడం లేదని నా బాధ. గుజరాత్‌లోని ధోలేరాలో చిప్పుల ఫ్యాక్టరీ కడుతున్నారు, అలాంటి చోట రసాయనాలు తెలిసినవాళ్లు లేకుండా పని జరగదు. మీ ఇంట్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీయో, కెమికల్ ఇంజనీరింగో చదివే పిల్లలుంటే, సెమీకండక్టర్ అంటే ఈసీఈ వాళ్లదే అనుకుని వదిలేయొద్దని చెప్పండి, ఆ ఉద్యోగాల ప్రకటనలు ఒకసారి చూడమనండి.