విరిగిన కాలి ఎముకకు కండ కప్పేదెప్పుడు?

వ్యాఖ్యాత: ముంగాలి ఎముక విరిగి, కప్పడానికి చర్మం చాలనంతగా గాయమైతే, అంటే బయటికి తెరుచుకున్న ఎముక విరుగుళ్ల తీవ్రతను చెప్పే గస్టిలో వర్గీకరణలో 3బీ రకమైతే, 72 గంటల్లో కండ కప్పాలంటారు. ఆ లెక్క ఎక్కడిదండీ?

ప్లాస్టిక్ సర్జన్: 1986లో అచ్చయిన మార్కో గొదీనా పరిశీలన నుంచి వచ్చింది. మొత్తం 532 మంది రోగులు. 72 గంటల్లోపు కప్పినవాళ్లలో ఫ్లాప్, అంటే రక్తసరఫరాతో సహా తెచ్చి కప్పిన కండ, చెడిపోయింది 0.75 శాతం, ఇన్ఫెక్షన్ 1.5 శాతం. ఆ తర్వాత మూడు నెలల్లోపు కప్పినవాళ్లలో అవే 12, 17.5 శాతం. రోజులు గడిచేకొద్దీ గాయం చుట్టూ వాచి గట్టిపడుతుంది, రక్తనాళాలు పెళుసెక్కి కుట్టు నిలవదు. బయటపడిన ఎముక ఎండిపోతుంది.

ఆర్థోపెడిక్ సర్జన్: అలాగని గడియారం చూసి కప్పేయకూడదు మేడమ్. లోపల చచ్చిన కండ వదిలేసి పైన ఫ్లాప్ వేస్తే చీముకు మూత పెట్టినట్టే.

వ్యాఖ్యాత: శుభ్రం చేయడం చాలిందని ఎలా తెలుస్తుంది?

ఆర్థోపెడిక్ సర్జన్: కండను ఫోర్సెప్స్‌తో నొక్కితే ముడుచుకోవాలి, కోస్తే రక్తం రావాలి. రంగొక్కటే చూసి నమ్మకూడదు. ఎముక ముక్కను మెల్లగా లాగి చూస్తాం. సులువుగా చేతిలోకి ఊడొస్తే దానికి రక్తం అందనట్టే, పెద్ద ముక్కైనా తీసేయాలి. కీలు భాగం ఉన్న ముక్కలను మాత్రం దాచుకుంటాం. టూర్నికే, అంటే రక్తం ఆపడానికి బిగించిన పట్టీ, వదిలాక మిగిలిన ఎముక కొసల్లో ఎర్రటి చుక్కలు పొడుచుకు రావాలి. కడగడానికి మామూలు సెలైన్ చాలు, ఒత్తిడి పెంచినంత మాత్రాన అదనపు లాభం లేదు.

ఇక యాంటీబయాటిక్ మొదటి గంటలోనే పడాలి. మురుగు, పేడ అంటినా, పాదంలో నాడి అందకపోయినా వెంటనే థియేటర్‌కి. వేగంగా తగిలిన మిగతా దెబ్బలకు 12 గంటల్లోపు. ఆ మొదటి ఆపరేషన్‌లోనే ప్లాస్టిక్ సర్జన్ పక్కన ఉండాలి.

ప్లాస్టిక్ సర్జన్: ఉండాలి, ఎందుకంటే మొదటి కోతే మా దారి మూసేయగలదు. ఫేషియాటమీకి, అంటే వాచిన పిక్కలో ఒత్తిడి తగ్గించడానికి కండల పైపొర తెరవడానికి, లోపలి వైపు కోత ఎముక అంచుకు ఒకటిన్నర సెంటీమీటర్ల వెనక పడాలి. ఇంకా వెనక్కి జరిగితే చర్మానికి రక్తమిచ్చే చిన్న నాళాలు తెగి, స్థానిక ఫ్లాప్ ఆశ పోతుంది. విరిగిన ఎముకను బయటినుంచి పట్టి ఉంచే చట్రం, అంటే ఫిక్సేటర్, పిన్నులు కూడా ఫ్లాప్ దారికి అడ్డం రాకూడదు.

వ్యాఖ్యాత: గాయం మీద స్పాంజి పెట్టి యంత్రంతో పీల్చే వ్యాక్యూమ్ డ్రెస్సింగ్ వేసి వారం ఆగితే?

ప్లాస్టిక్ సర్జన్: నన్ను బాగా బాధపెట్టేది ఇదేనండీ. అది రెండు ఆపరేషన్ల మధ్య వంతెన మాత్రమే. స్పాంజి కింద ఎముకకు కొత్తగా రక్తమేమీ రాదు.

ఆర్థోపెడిక్ సర్జన్: అందుకే ప్లేటైనా రాడ్డైనా, అదే సిట్టింగ్‌లో కండ కప్పగలిగితేనే పెట్టాలి. లేదంటే అప్పటిదాకా బయటి ఫిక్సేటరే.

వ్యాఖ్యాత: ఏ కండ వాడతారు?

ప్లాస్టిక్ సర్జన్: పై మూడో వంతుకు పిక్కలోని గ్యాస్ట్రోక్నీమియస్, మధ్య భాగానికి సోలియస్, అవి నలగకపోతేనే. కింది భాగానికి ఎక్కువగా తొడ నుంచి ఫ్రీ ఫ్లాప్, అంటే పూర్తిగా విడదీసి తెచ్చి ఇక్కడి రక్తనాళాలకు కలిపేది. నాళాలను దెబ్బ తగలని చోటే కలపాలి. ఆ తర్వాత మొదటి రెండు రోజులు గంటగంటకూ చూడాలి. పాలిపోయి చల్లబడితే ధమని మూసుకుందేమో, ఊదారంగుకు తిరిగి నొక్కి వదలగానే రంగు మరీ త్వరగా తిరిగొస్తే సిర మూసుకుందేమో అనుకోవాలి. తెల్లవారనిద్దాం అనుకోకుండా అప్పటికప్పుడే తెరవాలి.

వ్యాఖ్యాత: 72 గంటలు దాటిపోతే ఆశ వదులుకోవాలా?

ప్లాస్టిక్ సర్జన్: అక్కర్లేదు. కప్పే రోజే మళ్లీ పూర్తిగా డెబ్రైడ్ చేసి, అంటే చచ్చిన భాగాలన్నీ తీసేసి, నాళాల కోసం ఇంకా పైకి వెళ్లి కలుపుతాం. రోగి వెంటిలేటర్ మీద ఉంటే మాత్రం ప్రాణం కుదుటపడేదాకా కాలు ఆగాల్సిందే.