తడి చెత్త బకెట్టు, ఎండాకుల బస్తా

శ్రోతలకు నమస్కారం. తడి చెత్తని ఇంట్లోనే ఎరువుగా మార్చుకోవడం గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

నలుగురున్న ఇంట్లో ఒకరోజు చెత్తని తూకం వేసి చూడండి. సగానికి పైగా కూరగాయల తొక్కలు, టీ పిప్పి, వాడిన పూలు, మిగిలిన అన్నమే ఉంటాయి. ఈ తడి చెత్తే ముప్పావు కిలో, అటూ ఇటూగా. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంటి దగ్గరే వేరు చేయమన్నాయి. చెత్త బండి మైకులోనూ అదే మాట. అయినా అన్నీ ఒకే కవర్లో మూటగట్టి పడేసే ఇళ్లు చాలానే ఉన్నాయి. అలా కలిశాక కాగితం నానిపోతుంది, ప్లాస్టిక్‌కి మురికి పట్టేస్తుంది, పాత సామాన్లు కొనేవాళ్లు కూడా ముట్టుకోరు. ఆ మూట హైదరాబాద్ జవహర్‌నగర్ లాంటి చెత్త గుట్టకి చేరి, గాలి ఆడని లోపలి పొరల్లో కుళ్లి మీథేన్ వదులుతుంది. భూమిని వేడెక్కించడంలో మీథేన్, వందేళ్ల లెక్కన చూసినా, కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైనే. వేసవిలో డంపింగ్ యార్డులు అంటుకుంటే తొందరగా ఆరకపోవడానికి కూడా ఈ వాయువు ఒక కారణం.

తడి చెత్తని ఇంట్లోనే ఎరువు చేయడం చాలామంది మొదలుపెడతారు, రెండో వారంలో మానేస్తారు. వాసన వచ్చిందనో, పురుగులు పట్టాయనో అంటారు. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. తొక్కలు వేశారు, ఎండాకులు వేయలేదు. కూరగాయల తొక్కల్లో నూటికి ఎనభై, తొంభై పాళ్లు నీళ్లే. ఆ నీరు అడుగుకి దిగి, ముక్కల మధ్య ఖాళీలన్నీ పూడిపోయి, గాలి ఆగిపోతుంది. గాలి లేనిచోట పెరిగే సూక్ష్మజీవులే దుర్వాసన పుట్టిస్తాయి. ఎండాకు ఆ తడిని పీల్చుకుంటుంది, గాలికి దారి ఇస్తుంది. పైగా చెత్తని ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక, ముప్పై పాళ్లు కర్బనం కావాలి. తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండాకులో కర్బనం ఎక్కువ. రెండూ కలిస్తేనే లెక్క కుదురుతుంది.

ఇక పనిలోకి వద్దాం. ఖాళీ అయిన 20 లీటర్ల పెయింటు బకెట్లు మూతలతో సహా మూడు తీసుకోండి, నాలుగైతే ఇంకా నయం. కొత్తవి కొనక్కర్లేదు. శుభ్రంగా కడిగి, చుట్టూ నాలుగేసి అంగుళాల దూరంలో పెన్సిలు పట్టేంత రంధ్రాలు పెట్టండి. అడుగున ఎనిమిదో పదో చాలు. డ్రిల్లు లేకపోతే కాల్చిన మేకుతో పెట్టొచ్చు, కానీ ఆ పొగ మంచిది కాదు, ఆరుబయట చేయండి. బకెట్టుని రెండు ఇటుకల మీద నిలబెట్టి, కింద ఒక పళ్లెం ఉంచండి. ఎండా వానా నేరుగా పడని చోటు కావాలి.

అడుగున మూడంగుళాల మందాన ఎండాకులో, కొబ్బరి పీచో పరవండి. దాని మీద ఆనాటి తొక్కలు వేయండి. అంగుళం ముక్కలుగా తరిగితే తొందరగా చివుకుతాయి. కాలీఫ్లవర్ కాడల్ని మాత్రం తరగక తప్పదు, అలాగే వేస్తే రెండు నెలలకి కూడా కాడల్లాగే కనిపిస్తాయి. పైన రెండు గుప్పెళ్లు పాత ఎరువు గానీ, ఆవు పేడ కలిపిన నీళ్లు కాసిని గానీ, ఏదీ లేకపోతే పుల్లటి మజ్జిగ ఒక గరిటె గానీ చల్లండి. ఇది మొదటి వారంలో ఒకటి రెండుసార్లు చాలు. రోజూ తొక్కలు ఒక గిన్నెడైతే, వాటి మీద ఎండాకులు నలిపి కనీసం ఒక గిన్నెడు, పుచ్చకాయ, టమాటా లాంటివి వేసిన రోజున రెండు గిన్నెలు. కొలత బరువులో కాదు, గిన్నెతోనే. చివరికి పైకి కనిపించేది ఎండాకే కావాలి. తొక్క పైకి కనిపిస్తే ఈగలొస్తాయి.

మూడు రోజులకోసారి పొడవాటి కర్రతో అడుగు దాకా కలియబెట్టండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు, ఎండాకు కలపండి. ఒక్క చుక్కా రాకుండా చీమలు పడితే ఎండిపోయినట్టు, నీళ్లు చిలకరించండి. మన వేసవిలో ఈ రెండోదే ఎక్కువ జరుగుతుంది. కుళ్లిన గుడ్డు వాసన గాలి ఆడలేదన్నదానికి గుర్తు. ముక్కు మండే అమ్మోనియా వాసన వస్తే నత్రజని మించిపోయిందని అర్థం. రెంటికీ మందు ఒక్కటే, కలియబెట్టి ఎండాకు వేయడం. తెల్లగా బూజు పడితే కంగారొద్దు, పని సాగుతున్నట్టే. లావుపాటి గోధుమరంగు పురుగులు కనిపిస్తే అవి చాలావరకు నల్ల సైనిక ఈగ పిల్లలు. చెత్తని తెగ తింటాయి, మనకి హాని చేయవు. కాకపోతే తడి ఎక్కువుందని అవి చెబుతున్నట్టే. చూడలేకపోతే ఎండాకుల మోతాదు పెంచండి, తగ్గిపోతాయి.

మాంసం, చేపలు, ఎముకలు బకెట్టులో వద్దు, ఎలుకలు వాసన పడతాయి. నూనె తేలే కూరలూ వద్దు. అన్నం కొద్దిగా ఫర్వాలేదు, విడదీసి రెండింతలు ఎండాకుతో కలపాలి, లేదంటే ముద్ద కట్టి పులిసిపోతుంది. టీ పిప్పిలో చక్కెర, పాలు ఉంటాయి కాబట్టి కడిగి వేయండి, లేకపోతే చీమలు. కోడిగుడ్డు పెంకులు పొడి కొట్టి వేయాలి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు నెలల తరబడి చివకవు, పక్కన పెట్టండి. దేవుడి పూలు వేసేముందు దారం, మెరుపు కాగితం తీసేయాలి. కాగితం కప్పు పేరుకే కాగితం, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. అది కూడా ఇందులోకి రాదు.

ఎండాకులు ఎక్కడివంటారా? మాఘ ఫాల్గుణాల్లో కానుగ, రావి, వేప చెట్ల కింద కావలసినన్ని. మన కాలనీల్లో వాటిని ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీస్తారు. వీధంతా పొగ, ఎరువుకి కావలసిన సగం సరుకు బూడిద. ఆ నెలల్లో నాలుగైదు బస్తాలు నింపి, పొడిగా ఉండేచోట పెట్టుకుంటే వానాకాలం గండం గట్టెక్కుతుంది. మామిడాకు, నీలగిరి ఆకు దళసరి, నెమ్మదిగా చివుకుతాయి, నలిపి తక్కువగా వాడండి. ఊకలో సిలికా ఎక్కువ, చివరి దాకా ఊకలాగే మిగులుతుంది. వడ్రంగి దుకాణం పొట్టు పనికొస్తుంది గానీ ప్లైవుడ్ పొట్టు వద్దు, అందులో జిగురు రసాయనాలుంటాయి.

ఒక బకెట్టు నిండటానికి సుమారు మూడు వారాలు పడుతుంది, రోజూ అణిగిపోతుంటుంది కనుక. నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. పక్కన పెట్టినదాన్నీ వారానికోసారి కలియబెట్టాలి. వేసవిలో నెలన్నర, చలికాలంలో రెండున్నర నెలలు. ముదురు గోధుమరంగులో, తొలకరి మట్టి వాసనతో ఉంటే తయారైనట్టే. అనుమానముంటే గుప్పెడు తడిపి కవర్లో మూతిగట్టి మూడు రోజులుంచండి. విప్పితే దుర్వాసన వస్తే ఇంకా పచ్చిగా ఉంది. పచ్చి ఎరువు వేస్తే కుండీలో నత్రజనిని అదే లాగేసుకుని ఆకులు పసుపెక్కుతాయి.

అపార్ట్‌మెంట్లలో యాభై ఫ్లాట్లంటే రోజుకి దాదాపు 40 కిలోల తడి చెత్త. దానికి మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న జాలీ ఇటుక గూళ్లు ఆరేడు కావాలి, ఒకటి నిండేలోగా మరొకటి మాగుతూ ఉంటుంది. అంత పెద్ద కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది. ఆ వేడికి టమాటా, మిరప గింజలు, రోగ క్రిములు చాలావరకు చచ్చిపోతాయి. చిన్న బకెట్టులో అంత వేడి పుట్టదు, అందుకే ఇంటి ఎరువు వేసిన కుండీల్లో అడగని టమాటా మొక్కలు మొలుస్తాయి. అపార్ట్‌మెంట్లో పని చెడేది గూళ్ల దగ్గర కాదు, గుమ్మం దగ్గర. పది ఇళ్లు కవర్లతో సహా వేస్తే వాటిని ఏరే పని వాచ్‌మన్ భార్య మీదో, స్వీపర్ మీదో పడుతుంది. తడీ పొడీ కలిపేసిన బకెట్టుని తీసుకోకుండా గుమ్మం దగ్గరే వదిలేసే హక్కు సేకరించే మనిషికి సంఘం రాసి ఇవ్వాలి. గ్లవ్స్, జీతం సంగతి వేరే చెప్పాలా.

తయారైన ఎరువుని ఇసుక జల్లెడ పట్టి, దిగని ముక్కల్ని మళ్లీ కొత్త బకెట్టులో వేయండి, కొత్త చెత్త తొందరగా మాగుతుంది. పన్నెండంగుళాల కుండీకి నెలకి రెండు గుప్పెళ్లు చాలు. కొత్త కుండీ నింపేటప్పుడు మూడు పాళ్లలో ఒక పాలు ఎరువు, మిగతాది మట్టి. ఎరువు మిగిలితే వీధి చెట్టుకి వేయొచ్చు, మొదలుకి ఆనకుండా జానెడు ఎడంగా చుట్టూ వేసి, పైన కాస్త మట్టి కప్పి నీళ్లు పోయండి.