పావుగంట ప్రసంగం, రెండుంపావు గంటల మాటలు: లుండ్‌లో మా మొదటి స్టడీ సర్కిల్

అందరికీ నమస్కారం. మేముండేది స్వీడన్‌లోని లుండ్‌లో. ఈ వీడియో మా ఆడపడుచు కోసం. చీరాల నుంచి రోజూ ఫోన్ చేసి, "వదినా, అమ్మ అక్కడ పొద్దంతా ఏం చేస్తోంది? ఒక్క వీడియో అయినా పెట్టవేం?" అని అడుగుతోంది. ఇదిగో, పెడుతున్నాను.

ఇవాళ శనివారం, నవంబరు ఆఖరు వారం. పొద్దున తొమ్మిదైంది, బయట వెలుతురు చూడండి, మన దగ్గర వాన పట్టిన సాయంత్రంలా ఉంది. మళ్లీ నాలుగు కాకముందే చీకటి పడిపోతుంది. అత్తయ్యగారు వచ్చి రెండు నెలలు దాటింది. వీసా 90 రోజులే. మేమిద్దరం ఆఫీసుకి వెళ్లిపోతే ఆవిడ ఈ కిటికీ దగ్గరే కూర్చుంటారు. వచ్చిన మొదటి వారంలో, "మెట్ల మీద ఎదురుపడ్డవాళ్లు కూడా పలకరించరేంటే అమ్మాయ్" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇవాళ్టి కార్యక్రమానికి అసలు కారణం అదే.

కార్యక్రమం ఏమిటంటే, ఒక రికార్డెడ్ ప్రసంగం పెట్టుకుని ఏడుగురం కూర్చుని చూస్తాం. తర్వాత దాని గురించి మాట్లాడుకుంటాం. ఇందులో వింతేముంది అనుకుంటారు. ఇక్కడ దీనికి ఒక పద్ధతి, ఒక పేరు ఉన్నాయి. స్టడీ సర్కిల్ అంటారు. నాకు ఈ దేశంలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఇక్కడ స్టడీ అసోసియేషన్లు అని ఉంటాయి. ప్రభుత్వం వాటికి గ్రాంటు ఇస్తుంది. ముగ్గురు మనుషులు కలిసి, కనీసం మూడుసార్లు కూర్చుని, మొత్తం 9 స్టడీ గంటలు ఏదైనా ఒక విషయం నేర్చుకుంటామంటే చాలు, దాన్ని స్టడీ సర్కిల్‌గా లెక్కేస్తారు. స్టడీ గంట అంటే 45 నిమిషాలు. అల్లికలు కావచ్చు, గిటారు కావచ్చు, చరిత్ర కావచ్చు. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. మేం అడిగితే గది, ప్రొజెక్టరు ఉచితంగా ఇచ్చారు. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న కామన్ గది తీసుకుంటే 500 క్రోనార్లు. క్రోనా తొమ్మిది రూపాయలు వేసుకున్నా 4,500. మూడుసార్లకు 13,500! ఈ మధ్య ప్రభుత్వం ఈ గ్రాంట్లు తగ్గించింది. అది విన్నప్పుడు నాకు సొంత ఊళ్లో గ్రంథాలయం మూసేస్తారేమోనన్నంత దిగులు వేసింది.

ఇంకో సంగతి. ఈ స్టడీ సర్కిల్ పుట్టింది మేం ఉంటున్న ఈ లుండ్ ఊళ్లోనే, 1902లో. ఆస్కార్ ఓల్సన్ అనే ఆయన మద్యపాన వ్యతిరేక ఉద్యమంలో ఉండేవాడు. చదువుకునే అవకాశం లేనివాళ్లు పుస్తకాలు తెచ్చుకుని, కలిసి చదివి, ఒకరికొకరు చెప్పుకుంటే చాలు, పైన పంతులు అక్కర్లేదు అన్నాడు. తర్వాత కార్మిక సంఘాలు అందుకున్నాయి, ఊరూరా పాకింది. ప్రధానిగా చేసిన ఒలోఫ్ పాల్మే అయితే స్వీడన్‌ది స్టడీ సర్కిళ్ల ప్రజాస్వామ్యం అనేవాడు. ఇది చదివినప్పుడు నాకు మన గ్రంథాలయోద్యమం గుర్తొచ్చింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టింది 1901లో. ఒక్క ఏడాది తేడా! ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే అక్కడా ఇక్కడా ఒకే పని మొదలుపెట్టారు.

సరే, వంటింట్లోకి వద్దాం. అత్తయ్యగారు జంతికలు వత్తుతున్నారు. ఈ పొట్లం వేటపాలెం జీడిపప్పు, ఆవిడ సూట్‌కేసులో వచ్చింది. నెయ్యిలో వేయించి ఉప్పూ కారం చల్లారు. ఇక్కడ ఏ సమావేశమైనా మధ్యలో కాఫీ, దాల్చినచెక్క బన్ను ఉండాల్సిందే, ఫీకా అంటారు. బన్ను ఒక్కొక్కటి బయట 30 క్రోనార్లు, అంటే 270 రూపాయలు. అందుకని బన్నులు నేనే ఇంట్లో చేశాను. జంతికలు ఆవిడ వంతు.

పదకొండింటికి టెన్షన్ మొదలైంది. నా ల్యాప్‌టాప్‌కి ప్రొజెక్టరు కేబుల్ పట్టదు. అడాప్టర్ కొనడానికి సెంటర్‌కి పరుగెత్తాం. 299 క్రోనార్లు, దాదాపు 2,700 రూపాయలు ఆ వేలెడంత వైరుకి! తిరిగి వస్తుంటే పెద్ద చర్చి ముందు జనం లోపలికి వెళ్తున్నారు. పన్నెండు కావస్తోంది. అత్తయ్యగారు ఇంకా ఆ గడియారం చూడలేదు. ఆలస్యమైతే అయిందని లోపలికి తీసుకెళ్లాను.

చూడండి, ఇది సుమారు ఆరు వందల ఏళ్ల కిందటి ఖగోళ గడియారం. సూర్యుడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో చూపిస్తుంది. పన్నెండింటికి సంగీతం మోగి, చిన్న తలుపు తెరుచుకుని, ముగ్గురు రాజులు, వాళ్ల వెనక సేవకులు వరసగా బయటికి వచ్చి మేరీమాత ముందునుంచి వెళ్లిపోతారు. అత్తయ్యగారు చేతులు జోడించారు. "పంచాంగాన్ని గోడకి కట్టారే!" అన్నారు. ఇంతకంటే చక్కగా ఆ గడియారం గురించి ఎవరూ చెప్పలేరనిపించింది. అక్కడే ముప్పావుగంట గడిచిపోయింది.

అయినా కంగారు పడలేదు. ఎందుకంటే లుండ్ యూనివర్సిటీ ఊరు. ఇక్కడ అకడమిక్ క్వార్టర్ అని ఉంది. క్లాసు రెండింటికి అని రాస్తే రెండుంపావుకి మొదలవుతుంది. పూర్వం చేతి గడియారాలు లేని రోజుల్లో చర్చి గంట విని విద్యార్థులు బయల్దేరేవారట, నడిచి రావడానికి ఆ పావుగంట. నేను కూడా పిలుపులో రెండు అని రాశాను.

వచ్చినవాళ్లు వీళ్లు. వరంగల్ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న అబ్బాయి. చంటిబిడ్డతో వైజాగ్ దంపతులు. ఇంకా మా కింది అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరు, 78 ఏళ్లు, స్వీడన్ ఆవిడే. ఇక్కడ పెద్దాచిన్నా లేకుండా అందరూ అందరినీ పేరు పెట్టి పిలుస్తారు. అత్తయ్యగారికి అది నోరు రాలేదు. "టీచరమ్మ" అన్నారు. ఆవిడ దాన్ని రెండుసార్లు పలికి నేర్చుకుంది.

కుర్చీలు గుండ్రంగా వేశాం. వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు, శాలువా లేదు. ప్రసంగం హాన్స్ రోస్లింగ్‌ది, 2009లో మైసూరులో జరిగిన టెడ్ ఇండియా సభలో మాట్లాడింది. స్వీడన్‌లోని ఉప్సలాలో పుట్టిన డాక్టరు ఆయన. 1972లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో కొన్నాళ్లు చదువుకున్నాడు. స్వీడన్‌లో తాను మంచి విద్యార్థినని అనుకుని వెళ్లాడట. క్లాసులో ఒక ఎక్స్‌రే చూపించి ప్రశ్నలు అడిగితే మన పిల్లలు గడగడా చెప్పేస్తున్నారు, ఈయనకు ఒక్కటీ రాలేదు. స్పెషలిస్టుల క్లాసులోకి పొరపాటున వచ్చానేమో అనుకున్నాడట. కాదు, వాళ్లూ తనలాంటి విద్యార్థులే. ఆ చోట నేను పాజ్ చేసి తెలుగులో చెప్పాను. అత్తయ్యగారు నిటారుగా కూర్చున్నారు. మా వరంగల్ అబ్బాయి ముఖం వెలిగిపోయింది. పరాయి దేశంలో ఇలాంటి మాట ఆ దేశపు మనిషి నోట వింటే ఎలా ఉంటుందో చెప్పలేను.

తర్వాత ఆయన చూపించే గ్రాఫు బొమ్మ మీద దేశాలన్నీ బుడగల్లా కదులుతాయి. పైకి వెళ్తే ఆయుష్షు పెరిగినట్టు, కుడివైపు వెళ్తే ఆదాయం పెరిగినట్టు. 1858 నుంచి మొదలుపెట్టి, మన దేశం, చైనా రెండూ అమెరికాను ఆదాయంలో ఎప్పుడు అందుకుంటాయో తేదీతో సహా చెబుతాడు: 2048 జులై 27. అది ఆయన నూరో పుట్టినరోజు. ఆయన 2017లోనే పోయారు. ఆ సంగతి చెప్పగానే అత్తయ్యగారు "అయ్యో" అన్నారు, సొంత మనిషి పోయినట్టు.

ప్రసంగం పావుగంటే. ఆపి ఆపి చెప్పడంతో గంట పట్టింది. ఫీకా అయ్యాక ఒక్కొక్కరం మాట్లాడాలి, అదే పద్ధతి. అత్తయ్యగారి వంతు వచ్చేసరికి "నాకేం తెలుసమ్మా" అన్నారు. టీచరమ్మ మాత్రం ఆవిడ వైపే తిరిగి కూర్చుంది. ఎదురుచూస్తోంది.

అప్పుడు ఆవిడ మొదలుపెట్టారు. "మా అమ్మకి ఏడు పురుళ్లు. నలుగురం మిగిలాం. నాకు ఇద్దరు, ఇద్దరూ ఉన్నారు. ఆ బుడగ పైకి వెళ్లిందంటే అదే కదా. పైకి వెళ్లింది, నేను ఒప్పుకుంటాను. కుడివైపు మాట నాకు నమ్మకం లేదు. మా వీధిలో గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా నేసేవాళ్లున్నారు. నలభై దాటేసరికి చూపు మందగిస్తుంది. వాళ్లు కుడివైపుకి ఎంత జరిగారో ఆ బొమ్మలో ఎక్కడుంది?"

నేను ఇంగ్లీషులో చెప్పేలోపు నా గొంతు పట్టేసింది, మా ఆయన చెప్పారు. వరంగల్ అబ్బాయి వెంటనే, రోస్లింగ్ కూడా దేశాన్ని రాష్ట్రాలుగా విడగొట్టి తేడాలు చూపించాడు కదా అని, వీడియో ఆ ముక్క దగ్గరికి తెచ్చాడు. అత్తయ్యగారు చూసి, "రాష్ట్రం కూడా పెద్దదే బాబూ, వీధిదాకా రావాలి" అన్నారు. టీచరమ్మ అది తన పుస్తకంలో రాసుకుంది.

టీచరమ్మ చెప్పింది ఇంకో కథ. 1850 నుంచి 1930 వరకు 12 లక్షల మందికి పైగా స్వీడన్ వాళ్లు అమెరికా వెళ్లిపోయారు. 1900లో ఈ దేశం జనాభా 51 లక్షలే. వాళ్ల అమ్మమ్మ అన్నలిద్దరూ అలా వెళ్లినవాళ్లే. వాళ్లమ్మ వాళ్లను మళ్లీ చూడలేదట. ఉత్తరాలు మాత్రం పెట్టెలో ఉన్నాయి. అనువదించి చెబితే అత్తయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత జంతికల పళ్లెం టీచరమ్మ వైపు జరిపారు.

చివర్లో అత్తయ్యగారు ఇంకో మాట అన్నారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకెళ్లేవారట. 1918లో పెట్టిన గ్రంథాలయం, గాంధీగారు వచ్చిన చోటు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. ఎన్నో సభలు చూశారట అక్కడ. "ఆడవాళ్లం వెనక కూర్చుని వినేవాళ్లం. మీరేమంటారమ్మా అని ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు" అన్నారు.

నాలుగున్నరకి ముగించాం. బయట చిమ్మచీకటి, కిటికీల్లో క్రిస్మస్ కాగితపు నక్షత్రాలు వెలుగుతున్నాయి. రెండుంపావు గంటలు, అంటే సరిగ్గా 3 స్టడీ గంటలు. ఇంకా రెండుసార్లు కూర్చోవాలి. నేను పదిహేను రోజులకొకసారి అనుకున్నాను. అత్తయ్యగారు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "మూడోదానికి నేనుండను కదే" అన్నారు. టీచరమ్మకి అది చెప్పగానే డైరీ తీసి, వచ్చే శనివారం, ఆపై శనివారం రెండూ రాసేసుకుంది. అందరూ సరేనన్నారు.

హాజరు కాగితం ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. పేరు, పక్కన ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే పర్సనల్ నంబరు. అత్తయ్యగారికి నంబరు లేదు, ఆ గడి ఖాళీగా వదిలేశాం. పేరు మాత్రం ఆవిడే తెలుగులో రాశారు, ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం దిద్ది. చూశావా వదినా?