గర్భిణికి ఇచ్చే షుగర్ బిళ్ల రక్తనాళాలకు ఏం చేస్తుంది?

[స్క్రీన్ మీద: గ్లాసులో గ్లూకోజ్ నీళ్లు, వెనక గోడ గడియారం]

75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగి, ఆసుపత్రి బెంచీ మీద రెండు గంటలు కూర్చున్నది గుర్తుందా అమ్మా? ఆ తర్వాత తీసిన రక్తంలో షుగర్ 140 గానీ, ఆపైన గానీ ఉంటే గర్భంతో వచ్చిన షుగర్ అంటారు. ఈ తేలికైన పరీక్ష మన దేశంలో ఇంతగా వాడుకలోకి రావడం వెనక చెన్నై డాక్టర్ వి. శేషయ్య కృషి ఎంతో ఉంది.

మొదట రెండు వారాలు తిండి మార్పులు, నడక. అప్పటికీ తిన్న రెండు గంటలకు 120కి దిగకపోతే మెట్‌ఫార్మిన్ బిళ్ల, లేదా ఇన్సులిన్. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో బిళ్ల మొదలుపెట్టేది 20 వారాల తర్వాతే.

షుగర్ తగ్గిందా లేదా అని అందరూ అడుగుతారు. రక్తనాళాల గురించి అడిగేవాళ్లు తక్కువ. నాకు మాత్రం అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: రక్తనాళాన్ని అడ్డంగా కోసిన బొమ్మ]

రక్తనాళం ఉత్త గొట్టం కాదు. దాని లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. పేరు ఎండోథీలియం. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతూ నాళాన్ని బిగుసుకోకుండా చూస్తుంది. ఈ సంగతి కనిపెట్టినవాళ్లకే 1998లో నోబెల్ వచ్చింది. షుగర్ ఎక్కువగా ఉంటే ఈ పొర దెబ్బతిని, నాళం బిగుస్తుంది. షుగర్ ఉన్న గర్భిణులకు బీపీ భయం ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

[స్క్రీన్ మీద: గర్భసంచి గోడ, మాయ]

ఇప్పుడు మాయ దగ్గరికి వద్దాం. తల్లి రక్తం నుంచి బిడ్డకు ఆక్సిజన్, పోషకాలు అందించేది ఇదే. మాయ నాటుకునేటప్పుడు గర్భసంచి గోడలోని మెలికల ధమనులు బాగా వెడల్పవ్వాలి. పూడిక తీస్తేనే చివరి మడి దాకా నీళ్లు పారతాయి కదా, అలాగే. అవి ఇరుకుగా ఉండిపోతే మాయకు ఆక్సిజన్ చాలదు. అప్పుడు మాయ ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. నాళాల గోడలకు బలమిచ్చే ప్రోటీన్లను ఇది పట్టేసుకుంటుంది. బోస్టన్‌లో అనంత్ కరుమంచి బృందం 2003లో ఈ ముడి విప్పింది. తల్లి బీపీ 140/90 దాటుతుంది, మూత్రంలో ప్రోటీన్ పోతుంది. దీన్నే ప్రీఎక్లాంప్సియా అంటారు. కాన్పు అయితే తప్ప ఈ జబ్బు నయం కాదు. ఏడో నెలలో వస్తే, బిడ్డ ఇంకా ఎదగాలి కాబట్టి ఆ తల్లికి ఒక్కో రోజూ ఎంత విలువైనదో ఆలోచించండి.

మెల్‌బోర్న్ పరిశోధకులు 2016లో మాయ కణాలకు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూశారు. ఆ ప్రోటీన్ విడుదల తగ్గింది, దెబ్బతిన్న నాళాల పొర తీరు కూడా మెరుగైంది. అయితే అది ప్రయోగశాలలో. మనుషుల్లో?

[స్క్రీన్ మీద: 17.7 రోజులు, 10.1 రోజులు]

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, నెలలు నిండకుండానే ప్రీఎక్లాంప్సియా వచ్చిన 180 మందిలో సగం మందికి మెట్‌ఫార్మిన్, సగం మందికి మందు లేని ఉత్త బిళ్ల ఇచ్చారు. ఇక్కడ మందు ఇచ్చింది షుగర్ కోసం కాదు, గర్భాన్ని ఇంకొన్ని రోజులు నిలపడం కోసం. 2021లో ఫలితాలు వచ్చాయి. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో గర్భం మధ్యస్థంగా మరో 17.7 రోజులు నిలిచింది, మిగతావాళ్లలో 10.1 రోజులు. వారం పైన తేడా! అయినా ఇది మందు మహిమే అని ఖాయంగా చెప్పడానికి కావలసిన లెక్కకు కొద్దిలో అందలేదు. అందుకే బీపీ రాకుండా ఉంటుందని ఈ బిళ్ల ఎవరూ సొంతంగా వేసుకోకూడదు. ఆ ఆశ నాకూ ఉంది, కానీ ఆశ వేరు, చికిత్స వేరు.

రెండో వైపు కూడా చూడాలి. ఇన్సులిన్ మాయను దాటి బిడ్డకు చేరదు. మెట్‌ఫార్మిన్ చేరుతుంది. ముందునుంచీ టైప్ 2 షుగర్ ఉన్న 502 మంది గర్భిణులతో కెనడా, ఆస్ట్రేలియాల్లో చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. ఇన్సులిన్‌తో పాటు మెట్‌ఫార్మిన్ వాడిన తల్లుల బరువు తక్కువ పెరిగింది, ఇన్సులిన్ మోతాదూ తగ్గింది. కానీ ఉండాల్సినంత ఎదగని బిడ్డలు 13 శాతం. మెట్‌ఫార్మిన్ లేనివాళ్లలో 7 శాతం. అందుకే ముందే బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నా, స్కానింగులో బిడ్డ ఎదుగుదల తగ్గినా, ఈ బిళ్ల కొనసాగించాలా వద్దా అని డాక్టర్‌ని తప్పక అడగండి. అడగకుండా మానేయొద్దు. పక్కింటివాళ్లు భయపెట్టారని బిళ్ల ఆపేస్తే పెరిగేది షుగరే. అది నేరుగా బిడ్డకు చేరుతుంది.

తల పగిలిపోయేంత నొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం ఉబ్బడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

కాన్పు అయ్యాక షుగర్ దిగిపోయినా, ముందు ముందు టైప్ 2 షుగర్, గుండె జబ్బుల ముప్పు ఈ తల్లులకు ఎక్కువే. బిడ్డకు ఆరు వారాల టీకా వేయించడానికి వెళ్లిన రోజే మీరూ మళ్లీ ఒకసారి ఆ 75 గ్రాముల నీళ్లు తాగండి.